శనివారం పూట సెలవు

బిలాస్‌పూర్ లోకో షెడ్డు ఫుట్‌బాల్ జట్టుకి సింహాచలం మేనేజరు. 1931లో ప్రతి శనివారం మధ్యాహ్నం ఫోర్మన్ దొర జట్టుతో మ్యాచి. చూడ్డానికని షెడ్డు మొత్తానికి ఆ పూట దొర సెలవిచ్చేవాడు. షెడ్డు జట్టు ప్రతిసారీ ఓడిపోయేది.

అందరికంటే జోరుగా పరిగెత్తే పైడిరాజుని సింహాచలం గోలు దగ్గర నిలబెట్టేవాడు. బొజ్జ ఉన్న బాయిలర్ మేస్త్రీని ముందు ఆడించేవాడు. షెడ్డంతా తిట్టింది. "మీకెందుకండీ ఈ మేనేజరీ?" అని ఇంట్లో భార్య కూడా దెప్పింది. అతను మాత్రం మళ్లీ శనివారం జట్టుని అలాగే దించేవాడు.

ఒక శనివారం అతనికి జ్వరమొచ్చింది. ఆటగాళ్లు తమకి నచ్చినట్టు నిలబడి ఆడారు.

సాయంత్రం పైడిరాజు బురద కాళ్లతోనే క్వార్టర్‌కి పరిగెత్తుకొచ్చాడు.

"మావా, గెలిచీసినాం. రెండు గోల్సూ నానే కొట్టినాను."

సింహాచలం లేచి కూర్చున్నాడు. "దొర ఏటన్నాడు?"

"చెయ్యి కలిపినాడు. ఇంక మ్యాచిలు చాలన్నాడు. వచ్చే వారం నుంచి శనివారం కూడా పొద్దుగూకేదాకా అందరికీ డూటీయేనంట." పైడిరాజు గొంతు తగ్గింది. "ఇలాగవుద్దని నీకు ముందే తెలుసా, మావా?"

"ఆడినందుకిచ్చిన సెలవనుకున్నావేట్రా? ఓడినందుకిచ్చినాడు."

సింహాచలం దుప్పటి పక్కకి నెట్టి, మంచం మీద అతనికి చోటిచ్చాడు.

"అచ్ఛా, ఆ గోల్సు ఎలాగ కొట్టినావో మొదట్నించీ సెప్పు."