మెత్తదనం ఎటు పోయింది?

గూడు నచ్చితేనే ఆడపిట్ట కాపురానికొస్తుంది. అందుకని గిజిగాడు తొందరపడ్డాడు. గడ్డి చీల్చే ఓపిక లేక, మనుషులు ఒడ్డున పారేసిన ప్లాస్టిక్ గొట్టాల పీలికలు తెచ్చి, ఏటి మీదికి వంగిన తుమ్మకొమ్మకు గూడు అల్లాడు. పీలికల చివర్లు నీళ్లలో నానుతున్నాయి.

"చూశావా అక్కా, ఎంత మెత్తగా ఉన్నాయో! ఎలా వంచితే అలా వంగుతున్నాయి. ఈ నీడనే గుడ్లు పెట్టుకో," అన్నాడు కిందున్న కొర్రమీనుతో. అది నమ్మి అక్కడే పెట్టింది.

కొన్నాళ్లకు పీలికలు బిరుసెక్కాయి. ఒకటి పుటుక్కున తెగింది.

"ఇదేం మోసం! వీటి మెత్తదనమంతా ఎటు పోయింది?" అని గిజిగాడు మండిపడ్డాడు.

"మెత్తబడేందుకు మనుషులు వాటిలో కలిపిన మందు నీళ్లలోకి దిగింది తమ్ముడూ," అంది కొర్రమీను. పెట్టిన వందల గుడ్లకు దాని పక్కన నాలుగే పిల్లలున్నాయి. అవీ నడుములు వంకరపోయి, ఈదలేక ఉన్నచోటే గిరగిరా తిరుగుతున్నాయి. "నీళ్లలోంచి వీళ్లలోకి."

అంతలో ఆడపిట్ట వచ్చి, గూడంతా కలియజూసి, "నచ్చింది," అంది.

ఆ మాట కోసమే కదా ఇంతా చేశాడు! పైకి చూస్తే ఆడపిట్ట, కిందికి చూస్తే కొర్రమీను. ఎటూ చూడలేక గిజిగాడు కళ్లు మూసుకుని, ముక్కుతో పీలికలు ఊడబీకడం మొదలుపెట్టాడు.