ప్యాకెట్టుకి నాలుగు పక్కలు

పెద్ద దర్జీ పోయిన మర్నాడు ఆయన కత్తెర కూడా పోయింది.

ఇల్లంతా పరామర్శకు వచ్చినవాళ్లే. ఎవరు తీశారో ఎవరూ చూడలేదు. తీసినవాడు పక్కవీధి దర్జీ. ఆయన్ని "అన్నా" అనీ, ఆయన భార్యని "వదినా" అనీ నోరారా పిలిచి వరస కలుపుకున్న మరిది. ఆ కత్తెర అమ్మమని పదేళ్లు అడిగాడు. అన్న ప్రతిసారీ నవ్వి ఊరుకున్నాడు. ఇక అడగడానికి అన్న లేడు కదా అని, అడక్కుండానే సంచిలో వేసుకున్నాడు.

తీరా తెచ్చుకున్నాక దాన్ని బయటపెట్టే దారి లేదు. ఊళ్లో మిగిలింది నలుగురు దర్జీలు. తను కాక మిగతా ముగ్గురూ ఆ నల్లటి పిడిని చూడగానే గుర్తుపడతారు. ఒకసారి తలుపేసుకుని గుడ్డ కోసి చూశాడు. కోత వేసినప్పుడల్లా చివర్న ఒక్క పోగు తెగకుండా మిగిలింది. చెయ్యి అలవాటు కావాలిలే అనుకుని, తెర వెనక సొరుగులో చింకిగుడ్డల కింద దాచాడు.

వదిన మాత్రం నెల రోజులుగా కనబడినవాళ్లందరినీ అడుగుతూనే ఉంది. ఆయన సగం కోసిన చొక్కా ఒకటి సుద్దగీతలతో బల్ల మీద అలాగే ఉంది. ఆ కత్తెరతోనే దాన్ని పూర్తిచెయ్యాలని ఆవిడ పట్టు.

"ఎన్నాళ్లని వెతుకుతావు వదినా? కొత్తది కొనుక్కో" అని మరిది జాలిగా సలహా ఇచ్చాడు.

ఆవిడ కొనుక్కుంది. ఒక మధ్యాహ్నం దాన్ని రెండు చేతులా మోసుకుంటూ అతని కొట్టుకొచ్చింది. లోపలున్నది అరచేతిలో ఇమిడే కత్తెర. చుట్టూ ఉన్న ప్లాస్టిక్ మాత్రం భోజనాల పళ్లెమంత. గాజులా గట్టిగా, నాలుగు పక్కలా అతికించేసి ఉంది.

"ఇది కత్తెరా వదినా, కత్తెర కట్టుకున్న ఇల్లా? కిటికీ పెడితే అద్దెకివ్వచ్చు!"

"నవ్వకు మరిదీ. 'ఇక్కడ కత్తిరించండి' అని చుక్కలు పెట్టాడు చూడు. దేంతోనో రాయలేదు."

"కత్తెర కొనాలంటే ముందు ఇంట్లో కత్తెర ఉండాలన్నమాట."

"ఆ తెలివి ముందే ఉంటే నీ దాకా ఎందుకొస్తాను? మూలకొట్టు అతను పైపక్క కోశాడు. కోట్లు కుట్టే అతను కిందపక్క కోశాడు. ఇంకా రెండు పక్కలున్నాయి."

ఇద్దరు దర్జీల వల్ల కాలేదనుకోగానే మరిది ఛాతీ రెండంగుళాలు పెరిగింది. చాకు తీశాడు.

"చాకొద్దు నాయనా, జారితే వేళ్లు తెగుతాయి. వాళ్లూ పాత కత్తెరలతోనే కోశారు."

అతని గుడ్డ కత్తెర బల్ల మీదే ఉంది. పక్కన స్కూలు యూనిఫాంల గుట్ట. సాయంత్రానికి కోసి తీరాలి.

"దీన్ని మాత్రం ప్లాస్టిక్ మీద పెట్టను వదినా. పదును పోతుంది. నీకు తెలియందేముంది!"

"తెలుసు. మీ అన్న కాగితం మీద కూడా పెట్టనిచ్చేవాడు కాదు. పోనీ, పాతది ఒక్కటీ లేదా నీ దగ్గర?"

పాతది ఉంది. ఊరికే పడి ఉంది. తెర వెనక్కి వెళ్లి కోస్తే ఎవరికి కనబడుతుంది? సొంతదానికి పదును మిగులుతుంది, కొట్టుకొచ్చినదానికి ఒక పని దొరుకుతుంది. "ఒక్క నిమిషం" అంటూ ప్యాకెట్ పట్టుకుని తెర దాటాడు.

"ఏదీ, ఎంతవరకొచ్చింది? చూడనీ" అని వదిన పిలిచేసరికి మూడో పక్క అయింది. కత్తెర సొరుగులో పడేసి, గెలిచినవాడిలా ఇవతలికొచ్చాడు.

ఆవిడ లోపలి కత్తెర వంక చూడనే లేదు. కొత్తగా కోసిన అంచు మీద వేలు పెట్టి మెల్లగా జరిపింది. వేలు ఒకచోట ఆగింది. నాలుగంగుళాలు జరిగి మళ్లీ ఆగింది. అక్కడ ప్లాస్టిక్ చిన్న ముల్లులా లేచి ఉంది.

"పైపక్క చూడు మరిదీ, నున్నగా ఉంది. కిందపక్కా అంతే. వాళ్ల చేతకాక కాదు, తలా ఒక పక్క చాలని నేనే ఆపాను."

అతను నవ్వబోయాడు. చూపు తెర వైపు పోయింది.

"ఎప్పుడో గుడ్డలో ఉండిపోయిన గుండుసూదిని కోసి, మీ అన్న కత్తెరకి మొన దగ్గర గాటు పడింది. కోతకొక పోగు మిగిలేది. ముప్పై ఏళ్లు ఆ పోగులు పళ్లతో తెంపింది నేనే. వెళ్లి తీసుకురా నాయనా, చొక్కా సగంలో ఉంది."

అతను తెచ్చిచ్చిన పాత కత్తెర సంచిలో వేసుకుని ఆవిడ వెళ్లిపోయింది. ప్యాకెట్ అతని బల్ల మీదే ఉండిపోయింది. నాలుగో దర్జీ కోసమని ఉంచిన నాలుగో పక్క ఇంకా ఎవరూ కోయలేదు.