చిటికెన వేలి కట్టు

"నిన్న సాయంత్రం తొమ్మిది గుడ్లున్నాయి. ఇప్పుడు ఎనిమిదే ఉన్నాయి. తొమ్మిదోది ఏటైనాదే?" లక్ష్మీనరసమ్మ గుడ్ల బుట్ట తెచ్చి కోడలి ముందు పెట్టింది.

"నానేటి మింగేసినానా అత్తా? పిల్లి పట్టుకుపోయుంటాది."

"వారానికొకటి సొప్పున పట్టుకుపోయే పిల్లిని నానెక్కడా సూడనేదు. నా కొడుకు ఎముకకి బలమని దాస్తంటే, ఇంట్లో దొంగలు తయారైనారు."

దుర్గాభవాని చేటలో బియ్యం చెరగడం ఆపింది. మినపపిండి డబ్బా కూడా తరిగిపోతోందని ఆమె రెండు రోజులుగా అనుకుంటోంది. గుడ్డు సొన, మినపపిండి. ఈ రెండూ కలిపే పని ఆ ఇంట్లో ఒక్కటే, ఎముకకి కట్టు వేయడం. వీధి అరుగు మీద కూర్చున్న మామగారి వైపు చూసింది.

సోములు నలభై ఏళ్లుగా చుట్టుపక్కల ఊళ్లవాళ్లకి విరిగిన ఎముకలు కట్టినవాడు. కిందటేడు తన కట్టుతో సొంత కొడుకు కాలే అతకలేదు. అప్పటినుంచీ ఎవరొచ్చినా "కొన్నాళ్లాగండి" అని పంపేస్తున్నాడు.

"మావా, మల్లా మొదలెట్టేరేటి?" భవాని గొంతు పెంచింది. "ఇప్పుడు ఎవుల కాలు? ఇంట్లో ఒకలు మంచం పట్టింది సాల్నేదా?"

సోములు ఎడమచేతి చిటికెన వేలికి చుట్టిన గుడ్డను సవరించుకున్నాడు. నెలన్నర కింద గడ్డి కోస్తుంటే కొడవలి తగిలి తెగిందని ఇంట్లో చెప్పాడు.

"ఆ కొడవలి దెబ్బే ఇంకా మానిసావనేదు, ఊరోళ్ల ఎముకలు అతికించేత్తాడంట!" లక్ష్మీనరసమ్మ బుట్ట తీసుకుని లోపలికి పోయింది.

గదిలో మంచం మీదున్న కొడుకు పృథ్వీరాజ్ ఫోను మోగింది. విశాఖపట్నం డాక్టరు. మూడు నెలల కింద ఆయనే పృథ్వీరాజ్ నడుం ఎముకలోంచి సూదితో మూలుగ తీసి, అందులోని మూలకణాలు వేరుచేసి, మోకాలి కింద అతకని సందులోకి ఎక్కించాడు. నిన్న విజయనగరంలో తీయించిన ఎక్స్‌రే ఫోటో ఫోనులో పంపారు. భవాని పరుగున వచ్చి స్పీకరు నొక్కింది.

"కొత్త ఎముక వస్తోందమ్మా. సందు సగానికి పైగా పూడింది. ఆయన ఒంట్లోదే ఆయనకు పనికొచ్చింది. కానీ ఇంకో రెండు నెలలు కాలు కదలకూడదు. దురద వేసినా సరే, కాలికి వేసిన బెల్టు విప్పొద్దు."

"విప్పం సార్" అంది భవాని. పృథ్వీరాజ్ ఆమె మొహం చూసి, గబుక్కున ఫోను కట్టేశాడు.

అరుగు మీద సోములుకు మాటలన్నీ వినబడ్డాయి. అతను లేచేలోగా పొరుగూరి అసిరయ్య సైకిలు దిగాడు.

"మావా, మా అమ్మి జామచెట్టు మీంచి పడిపోయినాది. మణికట్టు వాసిపోయినాది."

"ఆస్పటల్‌కి తీసుకెల్లు."

"మా అయ్య కాలు కట్టింది నువ్వు, నా జబ్బ కట్టింది నువ్వు. పిల్లకీ నువ్వే కట్టాల. ఎన్నాల్లాగమంతావు?"

"ఇంకెవులూ ఆగక్కర్నేదు. పిల్లని జాగర్తగా తీసుకెల్లు." సోములు ఇంట్లోకి వచ్చి చెయ్యి కడుక్కున్నాడు.

మధ్యాహ్నం లక్ష్మీనరసమ్మ గుడ్ల పులుసు వండింది. పృథ్వీరాజ్ కుర్చీలో కూర్చుని, కాలు ఎదుట స్టూలు మీద చాపుకున్నాడు. సోములు కింద చాప మీద కూర్చున్నాడు. కాలు అతకలేదని తెలిసిన రోజునుంచీ తండ్రీ కొడుకులకు మాటల్లేవు.

"కొత్తెముక వచ్చినాదంట గదా?" సోములు కంచం వైపు చూస్తూ అడిగాడు.

"ఊఁ."

"నడుంలోంచి తీసినప్పుడు నొప్పెట్టినాదా?"

"నేదు. మత్తిచ్చారు."

"మంచి సదువు" అన్నాడు సోములు. "నాను ఉన్న ఎముకే అతికించినాను. కొత్తెముక పుట్టించడం నాకు రానేదు."

ఒక ముద్ద తిని మళ్లీ అన్నాడు. "ఇకమీద నాను కట్టు కట్టను. ఎవులొచ్చినా అదే సెప్పండి. గుడ్లు తీసింది నానే. అయితే ఊరోళ్లకి కాదు."

చిటికెన వేలికున్న గుడ్డ విప్పాడు. లోపల రెండు సన్నటి వెదురు బద్దలు, సొనతో గట్టిపడిన పేలిక. వేలి మీద కొడవలి గాటు లేదు.

"రోకలెట్టి నానే కొట్టుకున్నాను, విరగాలని. తప్పు నా సేతిలో ఉన్నాదో నేదో సూద్దారని."

లక్ష్మీనరసమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. సోములు వేలు ముడిచి, చాపాడు. వంకర లేదు.

"అతికినాది గదయ్యా! మరి మానేత్తానంతావేటి?"

"నాకతికినాది. ఆడికి అతకనేదు. అదే సొన, అవే బద్దలు, అదే సెయ్యి. తప్పెక్కడో తెలిస్తే సరిసేసుకుందును. తెలకుండా మరొకల్ల పిల్ల సెయ్యి ఎలాగ పట్టుకుంతాను?"

పృథ్వీరాజ్ తల వంచుకుని, కలిపిన అన్నాన్నే మళ్లీ మళ్లీ కలుపుతున్నాడు.

మామగారి కంచంలోకి పులుసు వంచుతున్న దుర్గాభవాని చెయ్యి ఆగిపోయింది. కిందటేడు, కట్టు పడిన పదకొండో నాడు, దురదకు తాళలేక భర్త బతిమాలితే, మామగారు సంతకు వెళ్లిన పూట ఆ కట్టు విప్పి, కాలు తుడిచి, ఎవరికీ తెలియకుండా మళ్లీ కట్టిన చెయ్యి అదే.