గీకిన ముక్క

తోపుడుబండి కాడ కుప్పయ్య బ్రెడ్డు ముక్క మీద పట్టిన పచ్చటి బూజును కత్తితో గీకి, గుడ్డుసొనలో ముంచి పెనం మీద ఏసినాడు. చక్కెర చల్లేసరికి బూజు వాసన అణిగిపోయింది.

మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో కూలి చేసే పాల్, బండి ముందర నిలబడి రెండో ముక్క తింటా ఉండాడు.

"మెత్తగా ఉండాది కుప్పన్నా. మా ఇంట్లో ఇట్ల రాదు."

"గుడ్డు ఎక్కువేస్తానప్పా."

అప్పుడే బస్సు దిగొచ్చిన కుప్పయ్య కూతురు మునిలక్ష్మి, "ఆకలి దంచేస్తాండాది నాయనా" అంటా పెనం మీది ముక్క తీసి నోటి దగ్గర పెట్టుకునింది.

కుప్పయ్య ఆ చేతి మీద ఒకటేసినాడు. ముక్క మట్టిలో పడింది.

"నువ్వు తినొద్దు మే! ఇంటికి పోయి సంగటి తిను."

పాల్ నమిలేది ఆపినాడు.

మునిలక్ష్మి బల్ల మీద గీకి పోసిన పచ్చటి పొడిని వేలితో తీసి వాసన సూసింది. మొహం చిట్లించింది.

"మరి నేను తినొచ్చునా అన్నా?" అన్నాడు పాల్, ముద్ద బుగ్గన ఉండంగానే.

కుప్పయ్య తల వంచి పెనం కింద మంట తగ్గించినాడు.

"ఊసెయ్యన్నా" అని మునిలక్ష్మి చెంబుతో నీళ్లందించింది. తరవాత సొన గిన్నె ఎత్తుకోని పోయి కాలవలో బోర్లించింది.

కుప్పయ్య అడ్డం పోలేదు.