ఎనిమిదో వంటకం

"నీ ఉద్యోగం పోయింది, ఫో!" అని అరిచాడు ఫెర్గల్, సంబరంగా నెత్తిమీద పోసిన షాంపేన్ ఇంకా కారుతుండగానే. "మన హోటల్‌కి స్టార్ వచ్చి గంట కాలేదు, నా వంటింట్లో ఉడికిన బంగాళాదుంపలూ క్యాబేజీనా!"

"మనవాళ్లు తినడానికే చెఫ్," అంది గ్రోన్యా కుండ దించుతూ. "ఈ నెలలో నన్ను తీసేయడం ఇది మూడోసారి. ఎన్నింటికి వెళ్లమంటారు?"

వంటవాళ్లు నవ్వు ఆపుకోలేక చస్తున్నారు. ఈ కోపంతోనే కార్క్ నగరంలో రెండు హోటళ్లు మూయించుకున్నాడు ఫెర్గల్. మూడోదానికి గొప్ప వంటకిచ్చే స్టార్ వచ్చింది గానీ కోపం ఎక్కడికీ పోలేదు.

అంతలో తలుపు తోసుకుని నాలుగో టేబుల్ ముసలావిడ లోపలికొచ్చింది.

"ఏడు ప్లేట్లూ తిన్నాను బాబూ. ఒక్కోటీ చిటికెడంతే ఉన్నా ముద్దొచ్చేలా ఉంది. ఇంతకీ భోజనం ఎప్పుడు పెడతారు?"

అందరి నవ్వూ ఆగిపోయింది. ఇంతకంటే చిన్న మాటకే అతను ఓ మంత్రిగారిని వీధిలోకి నెట్టాడు.

ఆవిడ కుండలోకి తొంగిచూసింది. "ఓహో, ఇక్కడ దాచారా!" అంటూ స్టూలు లాక్కుని కూర్చుంది. వేడి దుంప చిదిపి, వెన్న రాసి, "నువ్వూ తిను, బక్కచిక్కిపోయావు," అని ఫెర్గల్ నోటికందించింది.

తిట్టడానికి తెరిచిన నోరది. దుంప లోపలికి వెళ్లిపోయింది.

నమిలాడు. ఇంకోటి తీసుకున్నాడు. మూడోది తింటూనే సుద్దముక్క అందుకుని, బోర్డు మీద ఏడు వంటకాల కింద రాశాడు: "ఎనిమిది. భోజనం. వండేది గ్రోన్యా."

"నా ఉద్యోగం పోయింది కదా చెఫ్?"

"రేపు తీసేస్తాలే. ముందు ఇంకాస్త వెన్న వెయ్యి."