మోగకూడని ఫోను

“ఆ పువ్వు మాత్రం గీకకండి,” అంది ఆవిడ.

రేకులపనాయన ఆకురాయి ఆపాడు. బిస్కెట్ల డబ్బా మూత అంచున రంగంతా అప్పటికే గీకేశాడు. మూతా డబ్బా ఇనుముకి ఇనుము తగిలి కూచోవాలని కూతురు మరీ మరీ చెప్పింది. ఒక్క మూల గులాబీ పువ్వు మిగిలింది. పెళ్లైన ఏడాది కొన్న డబ్బా అది. పువ్వు బొటనవేలంత కూడా లేదు. పోనీలే అని వదిలేశాడు.

కూతురు అగ్నిమాపక కేంద్రంలో వైర్‌లెస్ చూస్తుంది. ఆకాశంలో పెద్ద విద్యుత్ తాకిడి పుడితే బయట ఉన్న సెట్లన్నీ మాడిపోతాయట. లోపల అట్ట పరిచిన రేకు డబ్బాలో ఉన్నవి బతికి బట్టకడతాయట. ఈ డబ్బా నెగ్గితే ఇలాంటివి నలభై నాన్న చేతే చేయిస్తానని పై అధికారిని ఒప్పించింది. ప్లాస్టిక్ బకెట్లు వచ్చాక ఆయన చేతికి పని తగిలి ఆరేళ్లు. నలభై అన్న మాట చెవిన పడ్డప్పటి నుంచి ఆయన కాలు ఒకచోట నిలవడం లేదు.

పరీక్ష సులువే. ఫోను లోపల పెట్టి మూత వేయాలి. నాలుగింటికి కూతురు ఫోన్ చేస్తుంది. మోగకూడదు.

గోడ గడియారం టక్కు టక్కుమంటోంది. ఇంకా పది నిమిషాలుంది.

“ఫోనొక్కటేనా లోపల?”

“ఫోనొక్కటే పెడితే అదేం పరీక్షే? ఇంట్లో చిన్న మిషన్లన్నీ పడాలి. నిజంగా ఆ రోజు వచ్చినట్టే.”

రేడియో పెట్టాడు, టార్చిలైటు పెట్టాడు, చేతి గడియారం విప్పి పెట్టాడు.

“ఒంటి మీదవి కూడానా?”

“నీవీ, నావీ, అన్నీను.”

అన్నీ సర్ది, అరచేత్తో ఒక్క చరుపు చరిచి మూత బిగించాడు.

ఇల్లు సద్దుమణిగింది. ఇద్దరూ డబ్బాకి చెరో పక్క కూచున్నారు. గోడ మీద లోలకం ఊగుతోంది. ముల్లు నాలుగు మీదకొచ్చింది, దాటింది. ఆయన చెయ్యి తిప్పి ఏమైనా ఉందా అన్నట్టు చూశాడు. ఆవిడ తల అడ్డంగా ఊపింది. ఇన్నేళ్ల కాపరంలో వాళ్లకి మాటలతో పెద్ద పనేం లేదు. నాలుగుంపావైంది. చీమ చిటుక్కుమన్న జాడ లేదు. ఆయన మీసం కింద నవ్వు కదిలింది. ఆవిడ లేచి అటక మీది రేకు కత్తెర దించి, పైట చెంగుతో దుమ్ము తుడిచి ఆయన ఒళ్లో పెట్టింది.

వీధి తలుపు గడియ వేసే ఉంది. నాలుగున్నరకి కూతురు పెరటి దారిన వచ్చింది, రొప్పుతూ, ఫోను చెవికి ఆనించుకునే.

ఆయన కత్తెరతో సహా లేచాడు. “మోగలేదమ్మా! ఒక్కసారంటే ఒక్కసారి కూడా,” అన్నాడు, వీధి చివరిదాకా వినబడేలా.

కూతురు డబ్బాకేసి చూసింది. వాళ్లిద్దరికేసి చూసింది. ముఖంలో కంగారు కాస్తా నవ్వైంది. ఆకురాయి తీసి తండ్రి చేతికిచ్చి, మూత మీది గులాబీ పువ్వు మీద వేలు పెట్టి చూపించింది. తర్వాత మూత తీసింది.

ముందుగా ఇద్దరి చెవి మిషన్లూ తీసి వాళ్ల చేతుల్లో పెట్టింది.