చూడి ఆవు

"ఆ సంతకం ఇవాళ పెట్టకు నాయనా."

వెల్డర్ చేతిలోని షేర్ల అమ్మకం కాగితం మీంచి తలెత్తి చూశాడు. బెంచీకి ఆ చివర ఒక ముసలాయన. మాసిన చొక్కా, ఒళ్ళో గుడ్డసంచి, మాటకో దగ్గు.

షేర్లు కొనిపెట్టే, అమ్మిపెట్టే బ్రోకర్ ఆఫీసు అది. బెంచీ మీద వాళ్ళిద్దరే.

"ఏం బాబాయ్, ఎందుకు పెట్టకూడదు?"

"మీ పంపుల కంపెనీ వాళ్ళు పైపుల కంపెనీని వేరు పెడుతున్నారు కదా. పాత షేర్లున్నవాళ్ళకి కొత్త కంపెనీ షేర్లు ఊరికే ఇస్తారు. అవి చేతికొచ్చేదాకా ఆగు."

"అవి నాకెలాగూ వస్తాయి. ఎవరి పేరుందో చూసే తేదీ మొన్ననే అయిపోయింది. నా పేరుంది. ఇంక పాతవి అమ్ముకుంటే ఏం పోయింది?"

వెల్డర్ లెక్క అదీ. ఫ్యాక్టరీ ఎప్పుడో పనివాళ్ళకిచ్చిన షేర్లవి. పాతవి అమ్మి భార్యకి ఒక కన్ను ఆపరేషన్, కొత్తవి రాగానే అమ్మి రెండోది. ఆలస్యమైతే చూపు దక్కదని డాక్టర్ చెప్పేశాడు.

"పేరుంటే చాలదయ్యా. మధ్యలో అమ్మితే కొత్తవి కూడా కొన్నవాడికే పోతాయి. చూడి ఆవుని అమ్మేసి దూడ మాత్రం నాదంటే కుదురుతుందా?"

వెల్డర్‌కి నవ్వొచ్చింది. "పశువుల సంతకి పోబోయి ఇటొచ్చినట్టున్నావు."

"రెండు వారాలు ఓపిక పట్టు. నా మాట విను."

"ఇంట్లో ఆవిడ గోడలు తడుముకుంటూ తిరుగుతోంది. నీకేం, ఎన్నయినా చెప్తావు."

అయినా మనసులో ఏదో పీకింది. కౌంటర్లో అమ్మాయిని అడిగాడు.

"అమ్మాయ్, ఆ తేదీ అయిపోయినట్టేగా?"

"మొన్ననే అయిపోయిందండీ," అంది ఫోన్ చెవికి పెట్టుకునే. "కొనేవాళ్ళు రెడీగా ఉన్నారు. సంతకం పెట్టేయండి."

"విన్నావా బాబాయ్? ఇంక సలహాలు ఆపి ఆ దగ్గుకి మందు తాగు."

ముసలాయన లేచాడు. సంచి చంకన పెట్టుకుని, మెల్లగా లోపలి గదిలోకి పోయాడు.

వెల్డర్ సంతకం పెట్టేశాడు.

ఒక కంటికి కట్టు విప్పారు. భార్య మొగుడి మొహం తేరిపార చూసింది. "ఎంత నెరిసిపోయావయ్యా," అంది. ఇద్దరూ నవ్వుకున్నారు.

కొత్త షేర్లు ఫ్యాక్టరీలో అందరికీ పడ్డాయి. అతనికి పడలేదు.

మళ్ళీ అదే కౌంటర్.

"అవి కొన్నవాళ్ళకి వెళ్ళిపోతాయండీ."

"తేదీ అయిపోయిందన్నావు కదమ్మా?"

"మీరు తేదీ అడిగారు, చెప్పాను. అమ్మితే ఏమవుతుందని అడగలేదుగా."

వెల్డర్ బెంచీ మీద కూలబడ్డాడు. ఇంటికెళ్ళి ఆవిడకి ఏ మొహంతో చెప్పాలి? ఆ ఒక్క కంటితోనే తన మొహం చూస్తుందే.

బెంచీ రెండో చివర ఖాళీగా ఉంది.

"అమ్మా, ఆ రోజు ఇక్కడొక పెద్దాయన ఉన్నాడు. దగ్గుతూ ఉంటాడు."

"ఆయనా? పోయిన వారం పోయారండీ. ఊపిరితిత్తులు."

వెల్డర్ బెంచీ ఖాళీ చివర మీద చెయ్యి వేశాడు.

"దేవుడిలాగా చెప్పాడమ్మా. వెక్కిరించాను. ఇక్కడ పనిచేసేవాడా?"

"లేదండీ. ఆ కంపెనీ షేర్లు అమ్మేవాళ్ళు దొరుకుతారేమోనని నెల్లాళ్ళు ఆ బెంచీ మీదే కూర్చున్నారు," అందా అమ్మాయి. "ఆ రోజు మీవి కొన్నది ఆయనే."